పాట ఆపండి, ఫోటో నిలపండి

సొంత వెబ్‌సైటు పెట్టుకునే తెలుగువాళ్లకు ఇంటా బయటా దొరికే సలహా ఒకటుంది. "ఉత్త అక్షరాలు ఎవరు చదువుతారండీ? వెనకాల సన్నగా ఒక పాట పెట్టిద్దాం. పైన ఫోటోలు వాటంతటవే మారేట్టు చేద్దాం. సైటుకు కళ వస్తుంది." సైటు తయారుచేసే కుర్రాడు ఈ మాటే అంటాడు. డాలస్‌లో ఉన్న మేనల్లుడూ ఇదే అంటాడు. రిటైరైన మాస్టారు తన వ్యాసాల కోసం పెట్టుకున్నా, శిష్యులు తమ నాట్యాచార్యుల పేరు మీద పెట్టినా, పిల్లలు చనిపోయిన తండ్రి కథలన్నీ ఒకచోట చేర్చినా చివరికి సైటు ఒకే రూపానికి వస్తోంది: తెరవగానే మొదలై ఆగకుండా తిరిగే పాట, నాలుగేసి సెకన్లకు జరిగిపోయే ఫోటోలు.

ఇది మంచి సలహా కాదు. ఎవరి అభిరుచి వాళ్లదని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. ఎంతసేపు చూడాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కణ్ణుంచి వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలో నిర్ణయించుకునే హక్కు చదవడానికి వచ్చిన మనిషిది. పాటా స్లైడ్‌షో రెండూ కలిసి ఆ హక్కును లాక్కుంటాయి. చట్టం గురించీ, ఖర్చు గురించీ, సాంకేతికత గురించీ కూడా చెప్పాల్సింది ఉంది, చెబుతాను. అసలు తగాదా మాత్రం పాఠకుడి సమయం గురించే.

సలహా ఇచ్చేవాళ్లు ముందుగా ఎత్తేది సినిమా మాట. నేపథ్య సంగీతం తీసేస్తే సినిమాలో ఏం మిగులుతుంది, మరి సైటుకు మాత్రం ఎందుకు వద్దు అని అడుగుతారు. సినిమావాళ్లు ఆర్.ఆర్. (రీరికార్డింగ్) అని పిలిచే ఆ పని ఎలా జరుగుతుందో చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. ఎడిటింగు పూర్తయి, ఏ షాటు ఎన్ని సెకన్లో తేలాకే సంగీత దర్శకుడు దానికి వాయిద్యాలు కూరుస్తాడు. తల్లి తలుపు తీసే క్షణం ఆయనకు ముందే తెలుసు. వయొలిన్లు ఎక్కడ లేవాలో, ఎక్కడ అన్నీ ఆపేసి మౌనంగా వదిలెయ్యాలో తెలుసు. హాల్లో ఉన్న వందలమందికీ ఆ క్షణం ఒకేసారి వస్తుంది. మీ సైటు చదివే మనిషికి ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? ఒకరు మొదటి పేరా దగ్గరే ఆగి ఏదో గుర్తు తెచ్చుకుంటూ ఉంటారు. ఇంకొకరు సగం చదివి, పొయ్యి మీద పాలు చూసి మళ్లీ వస్తారు. అమ్మ ఆఖరి రోజు గురించి మీరు రాసిన వాక్యం దగ్గరికి పాఠకుడు చేరేసరికి మీ పాట రెండో చరణం దాటి హుషారైన వాయిద్యాల దగ్గర ఉండొచ్చు. అది ఆ వాక్యానికి నేపథ్యం కాదు, అడ్డం.

పెళ్లికి మేళం లేదా, గుడికి నాదస్వరం లేదా అన్నది రెండో వాదన. ఉన్నాయి, ఉండాలి కూడా. అయితే మేళగాడి కళ్లు పంతులుగారి చెయ్యి మీద ఉంటాయి. జీలకర్ర బెల్లం వేళకూ తాళి కట్టే వేళకూ ఆయన సైగ చేస్తే గట్టిమేళం అందుకుంటుంది, మళ్లీ మంత్రం మొదలైతే తగ్గుతుంది. అక్కడ మనుషుల్ని చూస్తూ మనుషులు వాయిస్తున్నారు. లూపులో పెట్టిన ఎంపీ3కి ఎదుట ఎవరున్నారో, ఏం చేస్తున్నారో తెలియదు.

చదవడం కళ్లతో అయిపోయే పని కాదు. చదివే ప్రతి మాటనూ లోపల ఒక గొంతు పలుకుతూ ఉంటుంది. వాక్యం ముగిసేదాకా ఆ పలికినదాన్ని మనసు పట్టి ఉంచాలి. తెలుగు చదివేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ఎవరు, ఎక్కడ, దేనికోసం అన్నవన్నీ ఆఖరి మాట దాకా మోసుకుంటూ వెళ్లాలి. బయటి గొంతు ఈ పట్టును ఎలా సడలిస్తుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఏనాడో పరీక్షించి చూశారు. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కొంతమందికి తెర మీద హల్లుల వరుసలు చూపించి, అదే వరుసలో మళ్లీ చెప్పమన్నారు. పక్కన జర్మన్ భాషలో ఎవరో చదువుతున్న రికార్డు పెట్టారు. విన్నవాళ్లకు ఆ భాష రాదు, దాన్ని పట్టించుకోవద్దని కూడా ముందే చెప్పారు. అయినా తప్పులు పెరిగాయి. రికార్డు శబ్దం తగ్గించినంత మాత్రాన ఆ అడ్డు పోదని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. 1989లో సలామే, బడ్లీ ఇలాంటి పరీక్షే సంగీతంతో చేశారు. ఉత్త వాయిద్యాల కంటే పాడే గొంతు ఎక్కువ చెరుపు చేస్తుందని వాళ్లు చూపించారు. ఈ ప్రయోగాలు అక్షరాల, అంకెల వరుసలు గుర్తుపెట్టుకోవడం మీద జరిగినవే, వ్యాసాలు చదివించి చేసినవి కావు. వాక్యాన్ని మోసేది కూడా ఆ జ్ఞాపకమే గనుక నేనిక్కడ వాటిని తీసుకొస్తున్నాను.

"సన్నగానే పెట్టాం కదా" అనే మాటకు నిలబడే చోటు లేదని దీంతో తెలుస్తోంది. రాని భాషలో గొంతే అంత పని చేస్తే, వచ్చిన భాషలో, అందులోనూ నోటికొచ్చిన పాట ఏం చేస్తుంది? పల్లవి మొదలవగానే తర్వాతి మాట మన నోటిదాకా వస్తుంది. కంటి ముందున్న కవిత ఒక మాట అందిస్తుంది, చెవిలో పాట ఇంకో మాట అందిస్తుంది. రెండూ కలగలిసి ఏదీ దక్కదు.

స్మృతి సైట్లలో ఇది మరీ బాధ కలిగిస్తుంది. వాటిలో చాలా చోట్ల వినిపించేది ఘంటసాల భగవద్గీత. శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెబుతారాయన. అంటే అది పాట మాత్రమే కాదు, తెలుగు వచనం కూడా. పోయినాయన తన ఊరి చెరువు గురించి, తను చదువుకున్న బడి గురించి రాసుకున్న తెలుగు వచనం తెర మీద ఉంటుంది. దాని మీదుగా ఇంకో మహానుభావుడి తెలుగు వచనం వినిపిస్తూ ఉంటుంది. ఇద్దరిలో ఎవర్ని వినాలి? పైగా మన ఊళ్లలో ఆ గొంతు వైకుంఠ రథం మీంచి వినిపిస్తుంది. అది చెవిన పడగానే మనిషి మనసు శవయాత్ర వైపు వెళ్లిపోతుంది. బతికి ఉండగా ఆయన నవ్వుతూ రాసిన హాస్య కథ కూడా ఆ గొంతు కింద విషాదంగా మారిపోతుంది. ఆ కథలో నవ్వు ఉందని పాఠకుడికి తెలిసే దారి లేకుండా పోతుంది.

విననక్కర్లేని సంగీతమనేది ఒకటి ఉంటుందా అన్న ప్రశ్న పాతదే. ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సతీ అలాంటిదాన్నే తయారుచేయాలనుకున్నాడు. గదిలో కుర్చీలూ బల్లల్లా పడి ఉండాలి, ఎవరూ పట్టించుకోకూడదు అన్నది ఆయన ఉద్దేశం. 1920 మార్చి 8న పారిస్‌లో ఒక నాటకం విరామంలో దాన్ని వాయించారు. జనం మాటలు ఆపేసి, సీట్లలోకి తిరిగొచ్చి శ్రద్ధగా వినడం మొదలుపెట్టారు. మాట్లాడుకోండి, తిరగండి, వినకండి అని సతీ స్వయంగా బతిమాలుతూ తిరిగాడు. ఎవరూ కదల్లేదు. వినొద్దని రాసిన సంగీతమే చెవిని అంతలా పట్టుకుంటే, జనం వినాలని ప్రాణం పెట్టి స్వరపరచిన పాట సైటు వెనక అణిగిమణిగి ఉంటుందని ఎలా అనుకుంటాం?

ఫోటోల సంగతి ఇంకా ఎక్కువ చెప్పాలి.

ఒక మాస్టారి జ్ఞాపకార్థం పిల్లలు పెట్టిన సైటు చూశాను. పైన వెడల్పాటి పట్టీలో ఫోటోలు మారుతున్నాయి. అందులో ఒకటి పదో తరగతి గ్రూపు ఫోటో. నలుపు తెలుపుల్లో, నాలుగు వరుసలు. ముందు వరుసలో నేల మీద బాసింపట్టు వేసుకుని పొట్టి పిల్లలు, మధ్యలో ఒకడి ఒళ్లో సుద్దతో రాసిన పలక. వెనక కుర్చీల్లో మాస్టార్లు, కొందరు పంచెల్లో, ఒకాయన కోటులో. ఆ వెనక నిలబడ్డ పిల్లలు, వాళ్ల వెనక బల్ల మీద ఎక్కినవాళ్లు. ఇలాంటి ఫోటో కనబడితే ఏ తెలుగువాడైనా చేసే పని ఒకటే. పలక మీద సంవత్సరం చదువుతాడు, ఆపైన ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాడు. మనవాళ్లెవరైనా ఉన్నారా, ఆ ముక్కు ఎవరిది, ఈ నిలబడ్డ తీరు మా బాబాయిది కదా అని వెతుకుతాడు. పలక మీద అంకెలు పోల్చుకునేలోపే ఫోటో ఎడమవైపుకు జారిపోయింది. దాని స్థానంలో సన్మానం శాలువా వచ్చింది. ఆ తర్వాత కాశీ ఘట్టం, మనవడి పుట్టినరోజు, ఏదో రిబ్బను కత్తిరింపు. గ్రూపు ఫోటో మళ్లీ రావాలంటే ఆ వరుసంతా తిరగాలి. వచ్చాక మళ్లీ అంతే సేపు. నొక్కితే పెద్దదయ్యే ఏర్పాటు లేదు. కింద పేర్లు లేవు. ఉన్నా ఆ నాలుగు సెకన్లలో చదవడం ఎవరివల్లా కాదు.

ఫోటోకున్న గొప్పతనమే అది నిలిచి ఉండటం. కదిలిపోయిన ఒక క్షణాన్ని ఎవరో నిలబెట్టారు కాబట్టే యాభై ఏళ్ల తర్వాత మనం దాని ముందు ఆగగలుగుతున్నాం. ఇంట్లో ఆల్బం తిరగేసే అమ్మమ్మను చూడండి. ఒక పేజీ దగ్గర పావుగంట ఉంటుంది, వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్కరి చరిత్రా చెబుతుంది. నాలుగు పేజీలు మాత్రం చూడకుండానే తిప్పేస్తుంది. ఆ పావుగంటా, ఆ తిప్పెయ్యడమూ రెండూ ఆవిడ చేతిలో ఉన్నాయి. స్లైడ్‌షో అందరికీ అన్ని ఫోటోలకూ ఒకే నాలుగు సెకన్లు కేటాయిస్తుంది. చనిపోయిన అన్నగారి ఏకైక ఫోటోకూ అంతే, రిబ్బను కత్తిరింపుకూ అంతే. ఇది జ్ఞాపకాన్ని గౌరవించే పద్ధతి కాదు.

కదిలేది కంటికి కనబడుతుంది, అందుకే ఆకర్షిస్తుంది అంటారు. వ్యాపార సైట్లను పరీక్షించినవాళ్లు చూసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వెబ్ వాడుక మీద ఎన్నో ఏళ్లుగా పనిచేసిన జాకబ్ నీల్సన్ 2013లో ఒక సంగతి రాశారు. ఇంగ్లండ్‌లో ఒక మహిళకు సీమెన్స్ కంపెనీ సైటు చూపించి, వాషింగ్ మెషీన్ల మీద ఏమైనా తగ్గింపు ఉందేమో కనుక్కోమన్నారు. ఆ తగ్గింపు సైటు మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, అతి పెద్ద అక్షరాల్లో, కదిలే పట్టీలోనే ఉంది. ఆవిడకు కనబడలేదు. కదులుతున్నది ప్రకటన అనుకుని మన కన్ను దాన్ని వదిలేయడం నేర్చుకుంది, చూద్దామనుకునేలోపు అది మారిపోతుంది కూడా. అదే ఏడాది అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో వెబ్ పని చేసే ఎరిక్ రన్యన్ తమ సైటు లెక్కలు బయటపెట్టారు. వచ్చినవాళ్లలో ఫోటోల పట్టీ మీద నొక్కింది దాదాపు ఒక్క శాతం. ఆ కొద్దిమందిలోనూ 84 శాతం నొక్కింది మొదటి బొమ్మ మీదే. వెనక వరుసలో పెట్టిన ఫోటోలు ఉన్నా లేనట్టేనని ఆ లెక్కలు చెబుతున్నాయి. మీ నాన్నగారి పెళ్లి ఫోటో పదకొండోదైతే దాన్ని మీరు దాచిపెట్టినట్టే.

పైన బొమ్మ కదులుతుంటే కింద వ్యాసం చదవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. కంటి అంచున ఏదైనా కదిలితే చూపు అటు పోతుంది. అది మన అదుపులో ఉన్న అలవాటు కాదు. నాలుగు సెకన్లకోసారి పాఠకుడి చూపును పైకి గుంజి, మళ్లీ తన పంక్తి వెతుక్కోమని కిందికి పంపిస్తున్నాం.

ఇప్పటిదాకా చెప్పింది చూపున్నవాళ్ల గురించి. కళ్లు లేనివాళ్లు సైట్లు చదవరన్న భ్రమ మన సైటు నిర్మాతల్లో చాలామందికి ఉంది. చదువుతారు. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేరు తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపిస్తుంది. మైకేల్ కరన్ అనే అంధ ఆస్ట్రేలియన్ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. అది వాడే మనిషి మీ సైటు తెరిచాడనుకోండి. సాఫ్ట్‌వేరు గొంతు మీ వ్యాసం పేరు చదవడం మొదలుపెట్టగానే దాని మీద పాట వచ్చి పడుతుంది. పాట ఆపాలంటే ఆపే బటన్ ఎక్కడుందో తెలియాలి. అది చెప్పాల్సింది ఆ గొంతే. ఆ గొంతునే పాట మింగేస్తోంది. శబ్దం తగ్గిద్దామంటే చదివే గొంతు కూడా తగ్గిపోతుంది. ఇక సైటు వదిలి వెళ్లడం తప్ప ఆ మనిషికి దారి లేదు. అందుకే 2008 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ విడుదల చేసిన నియమావళిలో శబ్దం గురించీ కదలిక గురించీ సూటిగా ఉంది. దానంతట అదే మొదలయ్యే శబ్దం మూడు సెకన్లు దాటితే ఆపడానికో, విడిగా తగ్గించడానికో ఏర్పాటుండాలి. మిగతా పేజీ పక్కనే దానంతట అదే కదిలేది ఐదు సెకన్లు దాటితే ఆపే వీలుండాలి. ఇంత కాలం గడిచాక కూడా మన సొంత సైట్లలో ఆ బటన్ వెతికితే దొరకడం లేదు.

బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు ఈ గొడవ ఎప్పుడో తేల్చేశారు. 2017లో సఫారీ, 2018 ఏప్రిల్‌లో క్రోమ్, 2019 మార్చిలో ఫైర్‌ఫాక్స్ దానంతట అదే మోగే శబ్దాన్ని అడ్డుకోవడం మొదలుపెట్టాయి. పాఠకుడు పేజీని తాకనిదే, నొక్కనిదే పాట మొదలవకూడదన్నది సారాంశం. కోట్లమంది ఏది వద్దంటున్నారో చూసి తీసుకున్న నిర్ణయం అది. మన సైటు నిర్మాతలు దానికీ ఒక అడ్డదారి కనిపెట్టారు. పాఠకుడు పేజీలో ఎక్కడైనా సరే మొదటిసారి వేలు పెట్టగానే పాట మొదలయ్యేట్టు రాస్తున్నారు. కవిత చదువుదామని శీర్షిక మీద నొక్కితే పాట అందుకుంటుంది. ఆ నొక్కుడు పాటకు అనుమతి కాదు. ఇది మోసమే. ఎవరూ డబ్బు పోగొట్టుకోకపోయినా మోసమే.

పాట ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి తెగకుండా సాగాలన్న కోరికకు సైటే మూల్యం చెల్లిస్తుంది. మామూలుగా పేజీ మారితే పాట ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే ఒకప్పుడు సైటు మొత్తాన్ని ఫ్రేముల్లో పెట్టి, కనబడని ఫ్రేములో పాట నడిపించేవాళ్లు. ఇప్పుడు కొందరు ఐఫ్రేముతో అదే పని చేస్తున్నారు. దీనివల్ల ఏ వ్యాసం తెరిచినా పైన అడ్రసు మారదు. మీ యాభై వ్యాసాల్లో ఒకటి బాగుందని ఎవరైనా స్నేహితుడికి పంపిద్దామనుకుంటే ఆయనకు చేరేది మొదటి పేజీ. వ్యాసాలకు విడిగా చిరునామాలుండటం వెబ్‌లో రచయితకు దొరికిన అతి పెద్ద మేలు. తెగని పాట కోసం దాన్ని వదులుకుంటున్నాం.

బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. యూనికోడ్‌లో, అంటే వెబ్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో, తెలుగు వర్ణానికి, గుణింతం గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. వెయ్యి మాటల వ్యాసం పాతిక, ముప్ఫై కేబీల్లో సరిపోతుంది. 128 కేబీపీఎస్‌లో నాలుగు నిమిషాల పాట దాదాపు నాలుగు ఎంబీ. ఒక్క పాట బరువుకు వందకు పైగా వ్యాసాలు వస్తాయి. ఫోనుతో తీసిన ఫోటోలు తగ్గించకుండా అలాగే పెడితే ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు. సిగ్నలు సరిగ్గా అందని పల్లెలో మీ పాత విద్యార్థి మీ వ్యాసం కోసం వేచి చూస్తున్నది వీటివల్లే.

హక్కుల మాట కూడా ఉంది. మన కాపీరైటు చట్టం ప్రకారం విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లపాటు పాట రికార్డు మీద హక్కులుంటాయి. 1970ల పాటలన్నిటికీ ఇంకా హక్కుదార్లున్నారు. క్యాసెట్టు కొన్నాం కదా, యూట్యూబులో ఉంది కదా అన్నవి అనుమతులు కావు. ఒక కవి, తన కవితను ఇంకొకరు అడక్కుండా అచ్చేస్తే నొచ్చుకునే మనిషి, తన సైటులో ఇంకొకరి పాటను అడక్కుండా మోగించడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు.

"ఇష్టం లేకపోతే ఆపుకోవచ్చు, మూసేసుకోవచ్చు" అన్నది సైటు యజమానుల ఆఖరి మాట. వినడం ఇష్టం లేనివాడికి వినిపించే హక్కు మనకుందా అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. వాషింగ్టన్ నగరంలో ట్రాముల్లో, బస్సుల్లో రేడియో సంగీతం వినిపిస్తుంటే ప్రయాణికులు కోర్టుకెళ్లారు. 1952లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. జస్టిస్ డగ్లస్ మాత్రం, దిగిపోవడానికి వీల్లేని శ్రోతకు బలవంతంగా వినిపించడం తప్పని విభేదించారు. జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ ఆ గోల తానూ పడుతున్నానని, నిష్పక్షపాతంగా తీర్పు చెప్పలేనని కేసు నుంచే తప్పుకున్నారు. మన సుప్రీంకోర్టు 2005 జూలైలో ఇచ్చిన ధ్వని కాలుష్యం తీర్పులో లౌడ్‌స్పీకర్ల గురించి మాట్లాడుతూ, మాట్లాడే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ఎదుటివాడికి బలవంతంగా వినిపించే హక్కు రాదని స్పష్టంగా చెప్పింది. వెబ్‌సైటు బస్సు కాదు, మైకు సెట్టూ కాదు, నిజమే. మూసేసుకోవచ్చు. పాఠకుడు ఆ పనే చేస్తాడు. అర్ధరాత్రి, పక్కన పసిపిల్ల నిద్రపోతుంటే, మీ వ్యాసం తెరిచిన తల్లి పాట మోగగానే ఉలిక్కిపడి మూసేస్తుంది. పాటతోపాటు మీ వ్యాసమూ మూతపడుతుంది. ఆవిడ మళ్లీ రాదు.

ఈ మధ్య కుర్రవాళ్ల వైపు నుంచి వినబడే వాదన మీద నాకు గౌరవం ఉంది. సోషల్ మీడియాలో అందరి పేజీలూ ఒకే అచ్చు, సొంత సైటులోనైనా మన ముద్ర ఉండొద్దా అంటారు. 1990ల్లో జియోసిటీస్ సేవలో ఎవరికివాళ్లు కట్టుకున్న సొంత పేజీల్లాగా, మైస్పేస్ ప్రొఫైలు పాటల్లాగా మన రుచి కనబడొద్దా అంటారు. ఉండాలి. సొంత సైటు పెట్టుకోవడమే ఈ రోజుల్లో ఒక స్వాతంత్ర్య ప్రకటన. ఆ పాత పేజీల్లో ఏది మిగిలిందో మాత్రం చూడాలి. యాహూ 2009 అక్టోబరులో జియోసిటీస్‌ను మూసేస్తే, కొంతమంది స్వచ్ఛందంగా పూనుకుని వీలైనన్ని పేజీలు కాపాడారు. ఆ పేజీల్లో సంగీతం కోసం వాడిన బీజీసౌండ్ ట్యాగును ఇవాళ్టి బ్రౌజర్లు పట్టించుకోవు. 1990ల తర్వాత పదేళ్లపాటు పాటలకూ కదిలే బొమ్మలకూ ఆధారమైన ఫ్లాష్‌ను అడోబీ 2020 డిసెంబరు 31న ఆపేసింది. దానితో చేసిన పరిచయ దృశ్యాలన్నీ ఖాళీ డబ్బాలయ్యాయి. ఆ పేజీల్లో ఎవరో తన కుక్క గురించి, తన ఊరి గురించి రాసుకున్న నాలుగు పేరాలు మాత్రం ఇప్పటికీ చదువుకోవచ్చు. తెలుగులో ఆ అదృష్టం కూడా అందరికీ దక్కలేదు. పేజీతోపాటే దిగే డైనమిక్ ఫాంట్లలో పెట్టిన రాతలు ఆ ఫాంట్లతోపాటే పోయాయి. అదొక్కటే చాలు, ముందు అక్షరాన్ని కాపాడుకోమని చెప్పడానికి. ముద్ర కావాలంటే మీ రాతలో ఉంది, మీరు ఎంచుకున్న ఫోటోలో ఉంది, దాని కింద రాసిన రెండు పంక్తుల్లో ఉంది.

"ఆ పాటంటే నాన్నకు ప్రాణం" అని పిల్లలు చెప్పే మాటను తేలిగ్గా తీసుకోలేను. ప్రాణం కాబట్టే దాన్ని నేపథ్యంలో పడెయ్యకండి. నాన్న ఆ పాటను ఆదివారం మధ్యాహ్నం రేడియో ముందు కూర్చుని, మిగతావాళ్లను మాట్లాడొద్దని, పూర్తిగా విన్నాడు. మీరు దాన్ని వ్యాసాల వెనక, వచ్చేపోయేవాళ్లు విసుక్కునేట్టు, మధ్యలో తెగిపోయేట్టు వినిపిస్తున్నారు. ఆ పాటకు ఒక పేజీ ఇవ్వండి. ఎవరు పాడారు, ఎవరు స్వరపరిచారు, ఏ సినిమా, నాన్న దాన్ని ఎప్పుడు కూనిరాగం తీసేవాడో రాయండి. హక్కులుంటే వినడానికి బటన్ పెట్టండి, లేకపోతే దొరికే చోటుకు లింకివ్వండి. పాఠకుడు చదివి, నొక్కి, వింటాడు. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక ఏళ్ల తరబడి పాత రేడియో నాటకాలు, లలిత గీతాలు, ప్రసంగాలు వినిపిస్తోంది. ప్రతిదానికీ పరిచయం ఉంటుంది, నొక్కితేనే మోగుతుంది. అక్కడ శబ్దానికి రచనతో సమానమైన స్థానం దక్కింది. వెబ్‌లో సంగీతానికి ఇవ్వదగ్గ మర్యాద అది.

సైటు ఉన్నవాళ్లందరికీ నా విన్నపం. ఆటోప్లే తీయించండి. పైన తిరిగే పట్టీ తీయించి, ఫోటోలను ఒకదాని కింద ఒకటిగా, నొక్కితే పెద్దవయ్యేట్టు పెట్టించండి. కళ తగ్గిందని ఎవరైనా అంటే, ఆ డబ్బూ ఆ సమయమూ ఇంకో పనికి ఖర్చుపెట్టండి. గ్రూపు ఫోటో ప్రింటు తీయించి ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి పేరూ అడిగి, ఫోటో కింద రాయండి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.